ఎర్ర కార్డు కోసం చీమకుర్తి దాకా

మా ఊరి నుంచి చీమకుర్తి వెళ్ళేవాళ్ళు రాయి కోసం వెళ్తారు. గడపకో, మెట్లకో, వంటగట్టుకో, పోయినవాళ్ళ సమాధికో. నేను మాత్రం మూరెడు పొడవు కూడా లేని ఒక కార్డు కోసం, కంప్యూటర్లోంచి తెర మీదికి బొమ్మ పంపేదాని కోసం, వెళ్ళొచ్చాను. మూడు రోజులు, నాలుగు జిల్లాలు, ఎనిమిది బస్సులు. తిరిగొచ్చి వారం దాటింది, ముక్కులో ఇంకా మిరపఘాటు ఉన్నట్టే ఉంది.

ఆ దారిలో చూడదగ్గ గుళ్ళూ కొండలూ చాలా ఉన్నాయి, వాటి గురించి రాసేవాళ్ళూ ఉన్నారు. నేను చూసింది ఒక పాత సామాన్ల కొట్టు, ఒక రాళ్ళ షెడ్డు, బస్సులో ఒక ముసలామె చేతిలోని ఫోను. వాటి గురించే చెప్తాను.

ప్రత్తిపాడు

పదహారేళ్ళు నేనూ మస్తానూ కలిసి పెళ్ళి వీడియోలు చేశాం. కెమెరా నాది, మిక్సింగ్ వాడిది. మిక్సింగ్ అంటే తీసిన ముక్కల్ని కోసి, అతికి, పాటలు పెట్టి సినిమాలాగా చెయ్యడం. నేను గంటలకొద్దీ తీసుకొచ్చి వాడి ముందు కుప్పపోసేవాణ్ణి, వాడు అందులోంచి పెళ్ళిని బయటికి లాగేవాడు.

వాడికో అలవాటు ఉండేది. పెళ్ళికి పనికిరాని ముక్కల్ని పారేసేవాడు కాదు. పప్పు వడ్డించే ఆవిడ, డోలుకి ఆనుకుని నిద్రపోయే మేళగాడు, చెప్పులు వెతుక్కునే తాత, అందరినీ దాచేవాడు. మా వైపు ఎవరైనా పోతే ఇంట్లోవాళ్ళు మా దగ్గరికొస్తారు. "మా అమ్మ ఎవరి పెళ్ళిలోనన్నా కనపడుద్దేమో చూడండయ్యా" అంటారు. కూలికి పోయే మనిషికి ఆధార్ కార్డులో తప్ప ఫోటో ఉండదు. కదిలే బొమ్మ కావాలంటే ఎవరి పెళ్ళిలోనో బంతిలో కూర్చుని అన్నం తింటున్నప్పుడు నా కెమెరాకి చిక్కిందే దిక్కు. మస్తాన్ ఓపిగ్గా వెతికి, అర నిమిషమో నిమిషమో కోసి, ఊరికే ఇచ్చేవాడు.

నాకిది నచ్చేది కాదు. పనులు వెనకబడుతున్నాయని గొణిగేవాణ్ణి. దానికి తోడు మూడేళ్ళ కిందట వాడికి మ్యాక్ పిచ్చి పట్టింది. మ్యాక్ అంటే ఒక కంపెనీ తన పెట్టెలో తనే పెట్టి అమ్ముకునే కంప్యూటరు. దాని సాఫ్ట్‌వేర్ని మామూలు పెట్టెలో, బయట కొన్న సామాన్ల మీద, మాయచేసి నడిపిస్తే దాన్ని హ్యాకింటాష్ అంటారు. కంపెనీ ఒప్పుకోదు. సామాన్లు ఒకదానికొకటి కుదరకపోతే మిషను అసలే ఒప్పుకోదు. మస్తాన్ నెలల తరబడి తిరిగి, ఏరి ఏరి, కట్టుకున్నాడు. నేను దాన్ని దొంగ మ్యాక్ అనేవాణ్ణి.

ఒకరోజు పెళ్ళివారు వీడియో కోసం వచ్చి కూర్చున్నారు. వాళ్ళది సగం కూడా కాలేదు. వాడేమో ఆ పాత ముక్కలన్నీ తెర మీద పరుచుకుని ఏదో చేసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది, నోరు జారాను. "పెళ్ళి చెయ్యరా అంటే ఎంగిలాకులు ఏరుకుంటన్నావేందిరా!" అన్నాను, అందరి ముందూ. వాడు తెర ఆపేసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాడు.

ఆ తర్వాత నేను వేరే మిక్సింగ్ వాళ్ళతో పెట్టుకున్నాను. మా ఇళ్ళ మధ్య రెండు వీధులే. ఎనిమిది నెలలు మాటల్లేవు. తొమ్మిదో నెలలో ఒక ఉదయం వాడికి గుండె ఆగిపోయింది. జనాజా వెనక ఖబరస్తాన్ దాకా నడిచాను గానీ, వాళ్ళింటి గడప ఎక్కడానికి మాత్రం మొహం చెల్లలేదు.

పదకొండు నెలలయ్యాక వాడి కూతురు రేష్మాయే మా ఇంటికొచ్చింది. పక్క ఊరి సచివాలయంలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. మనిషి తల్లి పోలిక, పట్టు తండ్రిది.

"బాబాయ్, మొన్న గాలివానకి కరెంటు ఎక్కువొచ్చి నాన్న కంప్యూటర్ కాలిపోయింది. బోర్డు, కార్డు, పవర్ పెట్టె, మూడూ పోయినయ్. డిస్కులు బాగున్నయ్."

"ముక్కలు డిస్కులో ఉంటయ్ గదమ్మా. ఏ కంప్యూటర్లో అయినా చూసుకోవచ్చు."

"ముక్కలుంటయ్. నాన్న వాటిని ఏ వరసలో పెట్టాడో, ఎక్కడ కోశాడో, అది ఆ మ్యాక్‌లోనే తెరుచుకుద్ది. చివరి ఏడాదంతా దాని మీదే కూర్చున్నాడు. అడిగితే అయ్యాక చూపిస్తాననేవాడు."

గుంటూరులో అసలు మ్యాక్ ఉన్న స్టూడియోకి డిస్కు తీసుకెళ్దామన్నాను. తల అడ్డంగా ఊపింది. అందులో పదహారేళ్ళ పెళ్ళిళ్ళున్నాయి, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఉన్నారు. ఆ డిస్కు ఆ గది దాటకూడదనేది మస్తాన్ పెట్టిన నియమం. నేను కూడా అప్పట్లో సరేనన్నదే.

నేను దేన్ని ఎంగిలాకులన్నానో వాటితో వాడేం చేశాడో చూడాలి. నా మీద కోపంతోనే పోయాడా అనేది తెలుసుకోవాలి. ఆ రెండో కోరిక ఆ పిల్లకి చెప్పలేదు. "పోదాం పద" అన్నాను.

లాంగ్ నోట్‌బుక్కు

రేష్మా మూడు రోజులు సెలవు పెట్టింది. సంచిలో మస్తాన్ రాసుకున్న లాంగ్ నోట్‌బుక్కు ఉంది. బస్సులో నా చేతికిచ్చింది. మిర్చి కోతల కాలం కదా, కిటికీ బయట కళ్ళాల్లో ఎండబెట్టిన కాయ ఎర్రగా పరుచుకుని ఉంది. పత్తి చేలల్లో ఆఖరి ఏరుడు కూడా అయిపోయి ఒట్టి మోళ్ళు నిలబడి ఉన్నాయి. నేను అవేం చూడలేదు, వాడి చేతిరాత చూస్తూ కూర్చున్నాను. రాతలో కూడా వాడి గొంతే వినపడింది.

"బోర్డు: ఇదే నంబరు. పెన్‌డ్రైవ్‌లో నేను చేసింది ఈ బోర్డు కొలతకి కుట్టిన చొక్కా. ఇంకోదానికి పట్టదు."

"ప్రాసెసర్: పదో తరం. ఆపైన కొత్తవి వచ్చినా ఆశపడొద్దు."

"కార్డు: ఎర్ర కంపెనీది, ఐదొందల ఎనభై మోడల్. పచ్చ కంపెనీది ఎంత గొప్పదైనా మన మ్యాక్ దాని మొహం చూడదు."

ఎర్ర, పచ్చ అంటే కార్డులు చేసే రెండు కంపెనీల గుర్తుల రంగులు. కొట్టులో కొత్తగా దొరికేవేవీ దీనికి కుదరవు, కుదిరేవి తయారవడం మానేశాయి. నా పక్కన కూర్చుని ఇవన్నీ చదివి వినిపించాల్సినవాడు కూడా లేడు. బస్సు పుల్లడిగుంట దాటేదాకా ఆ పుస్తకం మూయలేకపోయాను.

గుంటూరు: ముక్కుతో పరీక్ష

గుంటూరులో పాత కంప్యూటర్ సామాన్లమ్మే సుభానీ గారి కొట్టు ఒక మేడ మెట్ల కింద ఉంది. అరవై ఏళ్ళ మనిషి. మా ఊళ్ళో కొట్టుకెళ్తే సరుకు ఉందో లేదో ముందు చెప్పి, ఆ తర్వాత కూర్చోమంటారు. గుంటూరులో ముందు టీ చెప్తారు. టీ వచ్చిందంటే సరుకు లేదేమోనని నాకు అనుమానం. కానీ సుభానీ గారు నోట్‌బుక్కు అట్ట చూసి గ్లాసు పక్కన పెట్టేశారు.

"ఇది మస్తాన్ గారి పుస్తకం గదా? ఆయనేరి?"

రేష్మా చెప్పింది. ఆయన లోపలికెళ్ళి, పాత తువ్వాలులో చుట్టిన బోర్డు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇట్టాంటిది ఇంకోటి వస్తే పక్కన పెట్టమన్నారమ్మా. వచ్చింది, పెట్టా. ఫోన్ చేస్తే మోగలా. ఎంతమంది అడిగినా ఇయ్యలా, ఎప్పటికైనా ఆయనే వస్తార్లే అని."

నంబరు సరిగ్గా అదే. ధర చెప్పమంటే, కొన్నదానికే ఇస్తానన్నారు. పవర్ పెట్టె మాత్రం కొత్తది కొనమని ఆయనే బలవంతపెట్టారు. ఇక కార్డు మిగిలింది.

ఎర్ర కంపెనీ కార్డులు రెండున్నాయి. సుభానీ గారు ఒకదాన్ని మిషనుకి పెట్టి వేడెక్కించారు. రెండు నిమిషాలకి కొట్టంతా మిరపఘాటు. నేను తుమ్మాను, రేష్మా తుమ్మింది, పై మెట్ల మీద ఎవరో తుమ్మారు. మిర్చి యార్డు పక్కన ఆటల సెంటర్లో తిరిగిన కార్డట. ఫ్యాన్లు ఏళ్ళ తరబడి కారపు దుమ్ము పీల్చాయి. రెండోదాన్ని వేడెక్కించినా ఏ వాసనా లేదు. తళతళలాడుతోంది.

"ఘాటున్నా ఆ కార్డు మంచిదేనండీ. మస్తాన్ గారైతే అదే తీసుకునేవారు" అన్నారు సుభానీ గారు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వాడు అది తీసుకుంటాడంటే నేను ఇది తీసుకోవడం పదహారేళ్ళుగా అలవాటు. పైగా నేను మిరపకాయల మధ్య పుట్టినవాణ్ణి. కాయ ఎన్నాళ్ళ కిందట ఎండిందో, తడి ఎంతుందో వాసన చూసి చెప్తాను. కారపు దుమ్ము పట్టిన మిషను ఎక్కువకాలం బతకదని మా ఊళ్ళో ప్రతి మిక్సీ చెప్తుంది.

"నా ముక్కుని మించిన పరీక్ష లేదు. వాసన లేనిదే ఇవ్వండి" అన్నాను.

ఆరువేల ఎనిమిదొందలు ఇచ్చి, గర్వంగా బయటికొచ్చాను. బ్రాడీపేటలో నూట ముప్ఫైకి భోజనం చేశాం. గోంగూరలో పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ మా ఊరి గోంగూరకీ దీనికీ తేడా గురించి ఆ పిల్లకి చాలాసేపు ఉపన్యాసం ఇచ్చాను. పని అయిపోయినవాడి ఉషారు అది.

మళ్ళీ గుంటూరు

పొద్దున్నే ఏడింటికి రేష్మా మా గుమ్మంలో నిలబడింది. చేతిలో నోట్‌బుక్కు, వేలు ఒక పేజీ మధ్యలో.

"పేజీ తిప్పలేదు బాబాయ్ మనం."

కార్డు సంగతి రాసిన పేజీ వెనక చిన్న అక్షరాలతో ఇంకో ముక్క ఉంది. "ఐదొందల ఎనభై అని ఉన్నా, స్టిక్కరు మీద పక్కన 2048 అని ఉంటే వద్దు. విండోస్‌లో మహారాజులా నడుస్తది. మనకి మాత్రం నల్ల తెర." మేం తెచ్చిన కార్డు తిప్పి చూశాను. ఆ అంకె నా మొహం మీదే రాసినట్టుంది.

మస్తాన్ ఉంటే ఆ రోజంతా నన్ను ఏడిపించేవాడు. ముక్కు శీనూ అని పేరు కూడా పెట్టేవాడు. ఎవరూ ఏడిపించకపోవడం ఇంకా కష్టంగా ఉంది. రేష్మా బస్సు వస్తోందని మాత్రం అంది.

సుభానీ గారు కొట్టు తెరిచేసరికి మేం మెట్ల మీద కూర్చుని ఉన్నాం. సంగతి విని నుదురు కొట్టుకున్నారు.

"ఘాటు కార్డు నిన్న సాయంత్రమే పోయిందమ్మా. చీమకుర్తి ఆయన, రాయి మీద బొమ్మలు చెక్కుతాడు. పేరు ఏడుకొండలు. జలుబు చేసుండి వాసన తెలవలేదు ఆయనకి."

ఆయనే ఫోన్ చేశారు. అవతల మిషను మోతలో సగం మాటలు వినపడ్డాయి. "రమ్మనండి, చూద్దాం" అన్నాడట. ఫోన్లో ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు. కార్డు పెట్టి చూసుకుందామని ఇంటి నుంచి వెంట తెచ్చిన బోర్డుని ఆ తువ్వాలుతోనే చుట్టుకుని ఒంగోలు బస్సెక్కాం. అక్కడిదాకా వెళ్ళి ఉత్త చేతులతో వస్తే ఇంకెక్కడ వెతకాలో మా ఇద్దరికీ తెలియదు.

చిలకలూరిపేట దాటాక

చిలకలూరిపేటలో బస్సు కాసేపు ఆగింది. కిటికీలోంచి జామకాయలు కొన్నాను. ఇరవైకి రెండు. ఉప్పూ కారం చల్లి ఇచ్చింది. మా ఊళ్ళో జామకాయకి ఉప్పే అద్దుతారు, ఇక్కడ కారం కూడా పడాల్సిందే. పక్క సీటు పెద్దాయన నా ఒళ్ళోని మూట చూసి, "ఏందండీ, దేవుడి పటమా?" అని అడిగాడు.

"కంప్యూటర్ లోపలి బోర్డండీ."

"బాగవుద్దా?"

"ప్రయత్నిస్తన్నాం."

"మాకూ ఒకటుంది, పిలకాయలు పాడుజేశారు. పాతవి బాగుజేసేవాళ్ళు ఇప్పుడెవరున్నారు?" అని నిద్రలోకి జారుకున్నాడు.

మార్టూరు దాటాక రేష్మా మెల్లగా అడిగింది. "బాబాయ్, నాన్నా నువ్వూ ఎందుకు మాట్లాడుకోలా?"

చెప్పాను. ఆ మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మేదరమెట్ల వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఆ తర్వాత, "నాన్న ఇంట్లో ఎప్పుడూ చెప్పలా" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

చీమకుర్తి

ఒంగోలు నుంచి చీమకుర్తి పోయే రోడ్డు మీద మనుషులకంటే లారీలెక్కువ. ఒక్కో లారీ మీద ఒకటో రెండో రాళ్ళు, గదంత గదంతవి. చెట్ల ఆకుల మీద, కొట్ల రేకుల మీద, కాలిన పెనాల మీద, అన్నిటి మీదా తెల్లటి పొడి. మా ఊళ్ళో ఈ కాలంలో ఎర్ర దుమ్ముతో దగ్గుతాం, వీళ్ళు తెల్ల దుమ్ముతో దగ్గుతారు. హోటల్లో అన్నం అడిగితే రొట్టెలున్నాయన్నారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన కూలీలు బల్లల నిండా ఉన్నారు. రొట్టె పది రూపాయలు, గుడ్డు కూర నలభై. పక్కనున్నతను నీళ్ళ జగ్గు మా వైపు జరిపి నవ్వాడు. అతని భాష నాకు రాదు, నా భాష అతనికి రాదు. కనుబొమ్మల మీది రాతిపొడి వల్ల ముప్ఫై ఏళ్ళవాడు ముసలివాడిలా కనపడ్డాడు.

ఏడుకొండలు షెడ్డు ఊరి చివర ఉంది. మేం చేరేసరికి లోపలి నుంచి తుమ్ములు వినపడుతున్నాయి. ప్లాస్టిక్ పట్టా కట్టిన చిన్న గదిలో కంప్యూటరు, దాని పక్కనే నల్లరాయి మీద చుక్కలు చుక్కలుగా ఒక పెద్దాయన మొహం చెక్కుతున్న మిషను. ఏడుకొండలు ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు.

"పొద్దున జలుబు తగ్గిందండీ. అప్పట్నుంచి ఇదే వరస. రాతిదుమ్ములో ఇరవై ఏళ్ళు బతికా గానీ, ఈ మిరపకాయ దెబ్బకి చస్తన్నా."

నేను వాసన లేని కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన వాడేది విండోసే, దాని మీద ఇది మహారాజే. ఆ మాట మస్తాన్ పుస్తకంలోనే ఉందని చూపించాను. ఆయన పెట్టి చూసుకుని, తువ్వాలు విప్పి గట్టిగా గాలి పీల్చుకున్నాడు. ఘాటు కార్డుని తనే ఊడదీసి, రెండు చేతులతో రేష్మా చేతిలో పెట్టాడు. మేం దారంతా కూడబలుక్కున్న బతిమాలుడు మాటలన్నీ మిగిలిపోయాయి.

టీ తాగుతూ చెక్కుతున్న రాయిని చూశాం. నల్లరాయిలో మొహం మెల్లగా పైకి వస్తోంది.

"అందరూ ఆధార్ ఫోటోలే తెస్తారండీ. లేకపోతే రేషన్ కార్డువి. ఇరవై ఏళ్ళలో నవ్వే మొహం నేను పట్టుమని పది చెక్కలా" అన్నాడు ఏడుకొండలు. రేష్మా వైపు తిరిగాడు. "మీ నాన్నగారి ఫోటో ఉంటే ఇయ్యమ్మా, చేసి పెడతా."

"మా సమాధుల మీద బొమ్మలు పెట్టరండీ" అంది రేష్మా. "అయినా నాన్నదీ ఆధార్ ఫోటోనే. వీడియోల్లో ఎక్కడా లేడు."

"వీడియోలు చేసే ఆయన వీడియోలో లేడా?"

వాడు ఎప్పుడూ గదిలో తెర ముందు, లేదా పెళ్ళిలో నా వెనక లైటు పట్టుకుని ఉండేవాడు. పదహారేళ్ళలో ఒక్కసారన్నా కెమెరా వెనక్కి తిప్పలేదు నేను. తిప్పడానికి ఎంతసేపు పడుతుంది? టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ క్షణంలో వాణ్ణి చూడాలని ఎంత అనిపించిందో చెప్పలేను. మాట్లాడక్కర్లేదు. లైటు పట్టుకుని విసుక్కుంటున్నా చాలు.

ఆ రాత్రికి ఒంగోల్లో రేష్మా పెద్దమ్మగారింట్లో ఉన్నాం. బగారన్నం, దాల్చా పెట్టారు. ప్రకాశం జిల్లాలో అతిథి చెయ్యి అడ్డుపెట్టినా లాభం లేదు, చేతి మీదే వడ్డించేస్తారు.

పర్చూరు రోడ్డు

తిరుగుదారి పర్చూరు మీదుగా. పర్చూరులో మిరప కోత ముగించుకున్న ఆడవాళ్ళు గుంపుగా ఎక్కారు. ఒకామె, అరవై ఐదు దాటి ఉంటాయి, నా పక్కన కూర్చుంది. కార్డు సంచిలో నా కాళ్ళ దగ్గర ఉంది. ఎండకి ఘాటు మొదలైంది.

"కాయ తీసుకెళ్తన్నారా? ఏ రకం?" అని అడిగింది.

కాదు, కంప్యూటర్ సామానని చెప్తే నమ్మలేదు. సంచి తెరిచి చూపించాను. ఏ ఊరన్నది. ప్రత్తిపాడన్నాను.

"ప్రత్తిపాడా! మీ ఊళ్ళో వీడియోల మస్తాన్ గారని..."

"మా నాన్నే" అంది రేష్మా, ముందు సీట్లోంచి చటుక్కున వెనక్కి తిరిగి.

ఆమె జాకెట్లోంచి ఫోను తీసింది. ఆమె పేరు కోటమ్మ. ఫోను తెర మూల పగిలిపోయింది. ఎన్నిసార్లు తెరిచిందో, వెతుక్కోకుండా నొక్కి నా చేతిలో పెట్టింది. ఎవరిదో పెళ్ళి పందిరి. ఒకావిడ పప్పు గిన్నె చంకలో పెట్టుకుని బంతిలో నడుస్తోంది. ఎవరో ఏదో అంటే పక్కకి తిరిగి పడీపడీ నవ్వింది. గరిటెలో పప్పు ఒలికింది. అంతే, అయిపోయింది.

"మా అక్క. పోయి మూడేళ్ళు. పదకొండో రోజుకి అడిగితే మీ నాన్న వెతికి ఇచ్చాడమ్మా. రూపాయి తీసుకోలా. పొద్దున్నే ఇది చూసుకునే నేను చేలోకి పోతా."

ఆ బంతిని తీసింది నేనే. ఆ నవ్వు నా కెమెరాలోంచే పోయింది, నేను చూడలేదు. పెళ్ళికొడుకు వైపు తిప్పే తొందరలో ఉన్నాను. వాడు చూశాడు. దాన్నే నేను ఎంగిలాకన్నాను. కోటమ్మ ఫోను నా చేతిలోంచి తీసుకోబోతే, ఇంకోసారి చూస్తానని అడిగాను.

మస్తాన్ గది

మూడు గంటలకి ఊరు చేరాం. ఏడాదిన్నర దాటాక మొదటిసారి వాళ్ళ గడప ఎక్కాను. మస్తాన్ భార్య జాన్‌బీ నన్ను చూసి, "అన్నం తిన్నావా శీనన్నా?" అని మాత్రమే అడిగింది, నిన్న కూడా వచ్చి వెళ్ళిన మనిషిని అడిగినట్టు.

గది అలాగే ఉంది. వాడి కుర్చీలో రేష్మా కూర్చోలేదు, నన్నూ కూర్చోమనలేదు. ఇద్దరం నిలబడే బిగించాం. బోర్డు, దాని మీద పాత ప్రాసెసర్, కొత్త పవర్ పెట్టె, ఘాటు కార్డు. రేష్మా మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. నేను నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను, ఆమె తనకి తెలిసిన దువా చదివింది. అప్పుడు తెర మధ్యలో చిన్న బొమ్మ వెలిగింది, దాని కింద సన్నటి గీత నిండడం మొదలైంది.

మిషను తెరుచుకుంది. వాడి చివరి పని తెర మీదికొచ్చింది. పేరు "ఎంగిలాకులు".

రేష్మా నా వైపు చూడలేదు. నేను కూడా ఆమెని చూడలేకపోయాను. మరిచిపోలేదు, మనసులో పెట్టుకునే పోయాడు అనుకున్నాను. జాన్‌బీ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. రేష్మా నడిపించింది.

పెళ్ళికూతుళ్ళు లేరు, పెళ్ళికొడుకులు లేరు. పదహారేళ్ళ పెళ్ళిళ్ళలో పెళ్ళి కానిదంతా ఉంది. వంటవాళ్ళు చెమట తుడుచుకుంటున్నారు. మేళగాడు నిద్రలో డోలు మీద చెయ్యి వేశాడు. కోటమ్మ అక్క పప్పు ఒలికించి నవ్వింది, ఆ నవ్వు అయ్యేలోపే ఇంకో ఊళ్ళో ఇంకెవరో నవ్వారు, అది వేరే సంవత్సరం. పాట లేదు. ఎక్కడ కోశాడో తెలియకుండా కోశాడు. అందులో సగంమంది ఇప్పుడు లేరు. వాళ్ళందరూ ఒకే పందిట్లో ఒకే పూట తిని లేచినట్టుంది. నేను తీసింది ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

కార్డు వేడెక్కి గదంతా ఘాటు కమ్మింది. ముగ్గురం కళ్ళు తుడుచుకుంటున్నాం. ఎందుకని ఎవరూ అడగలేదు.

చివరికొచ్చేసరికి బొమ్మ ఆగి, తెర నల్లబడింది. కార్డే పోయిందేమోనని ఉలిక్కిపడ్డాను. కాదు. తెర కింద ముక్కలు పేర్చిన వరసలో నలభై సెకన్లు ఖాళీ వదిలి పెట్టాడు. ఆ ఖాళీ మొదట్లో చిన్న ఎర్ర గుర్తు ఉంది. ఇంకా చెయ్యాల్సిన పని గుర్తుండటానికి మిక్సింగ్ వాళ్ళు పెట్టుకునే గుర్తు అది. రేష్మా దాని మీద నొక్కింది. లోపల వాడు రాసుకున్న మాటలు తెరుచుకున్నాయి.

"ఇక్కడ శీనుగాడు. వాడు తీసినవాటిలో వాడొక్కడే లేడు. అలక తీరి వచ్చాక తియ్యాలి. కెమెరా నేను పట్టుకుంటా."

ఆ ఖాళీని మళ్ళీ మొదటి నుంచి నడిపించమన్నాను. నలభై సెకన్ల నలుపుని ముగ్గురం కదలకుండా చూశాం.

అయిపోయాక రేష్మా బీరువా దగ్గరికి వెళ్ళి, వాళ్ళ నాన్న చిన్న కెమెరా తీసి, దుమ్ము తుడిచింది.

"కూర్చో బాబాయ్. నేను పట్టుకుంటా."

"వద్దమ్మా" అన్నాను. "వాడు పట్టుకుంటానన్నాడు గదా."